క్షౌరపు కత్తికి తగిన తోలుపట్టీ

గ్రామ పంచాయతీ ముందునకు వచ్చు విషయములలో కొన్ని పెద్దవిగను, కొన్ని చిన్నవిగను పైకి కనిపించును. చెరువుగట్టు, బడి కప్పు, మంచినీటి బావి పెద్ద విషయములు. క్షురకుని పొదిలోని తోలుపట్టీ చిన్న విషయము. అయినను ఆ పట్టీ మంచిదైనచో కత్తి పది కాలములపాటు పనికి వచ్చును. చెడ్డదైనచో ఎంత విలువగల కత్తియైనను నెల తిరుగక మునుపే మొద్దువారును. ఒకే పట్టీ పదిమంది గడ్డములు గీచిన కత్తికి వాడుకయైనచో, అది ఒకరి రోగమును మరియొకరికి చేరవేయు వంతెన కాగలదు. వృత్తిదారుల పనిముట్ల విషయమున నేడు పంచాయతీలకు కొంత బాధ్యత కలిగియున్నది. కావున ఈ చిన్న వస్తువును గురించి సభ్యులు కొంత తెలిసికొనియుండుట మంచిదని మేము తలంచుచున్నాము.

కొంతకాలము క్రిందట మేమొక గ్రామమునకు పోయినపుడు, అచ్చటి క్షురకులలో ఒక యువకుడు తాను క్రొత్తగా కొన్న కత్తి పనికిమాలినదని వాపోయెను. సంతలో మిలమిల మెరయు పట్టీయొకటి కొని, దినమునకు రెండు పూటలు దానిపై కత్తిని సాధించుచున్నను పదును నిలుచుట లేదని అతని ఫిర్యాదు. ప్రక్కనే కూర్చుండియున్న వృద్ధుడొకడు ఆ పట్టీని చేతిలోనికి తీసికొని, బొటనవ్రేలితో నొక్కి చూచి, "కత్తిని తప్పు పట్టకు నాయనా, అది పండుకొన్న పక్కను చూడు" అనెను. ఆ పట్టీ వ్రేలి క్రింద మెత్తగా గుంటపడి, మరల మెల్లగా పైకి లేచినది. వృద్ధుడు తన పొదినుండి తీసిన పట్టీ నల్లబడి, అంచులు అరిగియున్నను, వ్రేలు నొక్కినచోట చదునుగనే యుండెను. ఈ రెండు పట్టీలకు గల భేదమే ఈ వ్యాసమునకు విషయము.

పట్టీ చేయు పని

పట్టీ కత్తిని నూరునని పలువురు తలంతురు. అది సరికాదు. నూరుట సానరాయి పని. రాయి ఉక్కును అరగదీసి వాదరను ఏర్పరచును. పట్టీ ఉక్కును దాదాపు అరగదీయదు. రాయి విడిచిన సన్నని పొరను తొలగించి, వంగిన వాదరను తిన్నగా నిలిపి, దానికి నునుపు తెచ్చును.

వాదర ఎంత సన్ననిదో తెలిసినగాని ఈ పని విలువ తెలియదు. గడ్డపు వెంట్రుక మందము ఇంచుమించు 100 మైక్రానులు, అనగా మిల్లీమీటరులో పదియవ భాగము. చక్కగా సాధించిన కత్తి వాదర చివర ఒక మైక్రానుకంటెను సన్నగా నుండును. అంత సన్నని ఉక్కు ఒక్క క్షౌరముతోనే అక్కడక్కడ వంగును, చిట్లును. వెంట్రుక ఉక్కుకంటె ఇంచుమించు 50 రెట్లు మెత్తనిది. అట్టి వెంట్రుక ఉక్కునెట్లు చెడగొట్టుచున్నదని అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు సూక్ష్మదర్శినితో పరిశీలించి, 2020లో తమ ఫలితములను ప్రకటించిరి. వాదర మెల్లగా అరిగి గుండ్రబడుటకు మారుగా, వెంట్రుక వంగి తగిలినపుడు ఉక్కులోని బలహీనమైన చోట్ల చిన్న చిన్న పెచ్చులు లేచుచున్నవని వారు కనుగొనిరి.

దీనినిబట్టి రెండు సంగతులు తెలియుచున్నవి. వంగిన వాదరను పట్టీ సరిచేయగలదు గనుక ప్రతి క్షౌరమునకు ముందు పట్టీపై సాధించుట అవసరము. పెచ్చులు లేచిన వాదరను పట్టీ బాగుచేయలేదు గనుక అప్పుడప్పుడు సానరాయికి పోక తప్పదు. మంచి పట్టీ రాయి అవసరమును దూరము చేయును. చెడ్డ పట్టీ దగ్గర చేయును. రాయికి పోయిన ప్రతిసారియు కత్తి కొంత ఉక్కును కోల్పోవును గనుక, పట్టీ మంచిదైనచో కత్తి ఆయుర్దాయము పెరుగును.

తోలును ఊను విధములు

పచ్చితోలు అట్లే విడిచినచో కుళ్లును. ఎండబెట్టినచో రేకువలె బిరుసెక్కును. సున్నపు నీటిలో నానవైచి, వెంట్రుకను తొలగించి, ఊనిన పిమ్మటనే అది తోలుగా ఉపయోగపడును. ఊనుటకు ముఖ్యమైన పద్ధతులు రెండు గలవు.

మొదటిది చెక్కలతోను కాయలతోను ఊనుట. మన ప్రాంతములలో లంద గుంటలలో తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయలు వేసి తోళ్లను వారముల తరబడి నానవేయు ఆచారము పూర్వమునుండి గలదు. తెలంగాణములో బతుకమ్మను పేర్చుటకు కోయు తంగేడు పూవు నేడు ఆ రాష్ట్ర పుష్పము. ఆ చెట్టు చెక్కలోని వగరు పదార్థమే తోలులోని పోగులను పట్టి ఉంచి, అవి కుళ్లకుండునట్లు చేయును. దక్షిణ దేశమున ఇట్లు ఊనిన తోళ్లు మద్రాసు రేవునుండి ఇంగ్లండునకు విశేషముగా ఎగుమతి యగుచుండెడివి. ఈ తోలు గట్టిది, నిండైనది. ఒత్తినచో లొంగదు, లాగినచో సాగదు.

రెండవది క్రోము లవణములతో ఊనుట. ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ ఈ పద్ధతిని మద్రాసులో ప్రవేశపెట్టెను. వారముల పని ఒకటి రెండు దినములలో ముగియుట, తోలు మెత్తగను వేడికి తాళునదిగను ఉండుట దీని గుణములు. చెప్పుల పైభాగములకు, సంచులకు ఇది శ్రేష్ఠము. కాని పట్టీకి ఆ మెత్తదనమే దోషము. కత్తి బరువునకు తోలు గుంటపడి, వాదర దాటగానే పైకి లేచి, దాని చివరను చుట్టి తుడుచును. అందువలన వాదర పదునెక్కుటకు మారుగా గుండ్రబడును. పై గ్రామములోని యువకుని పట్టీ ఇట్టిదే.

కావున మొదటి నియమము: చెక్కతో ఊనిన తోలునే పట్టీకి ఎంచుకొనవలెను.

పశువు దేహమున ఏ భాగపు తోలు

ఒకే తోలులో అన్ని భాగములు సమానము కావు. మెడ తోలు ముడుతలు పడియుండును. పొట్ట తోలు పలుచన. పోగులు వదులుగా నుండుటచే సాగును. వెన్నెముకకు ఇరుప్రక్కల, నడుమునుండి తొంటివరకు గల తోలులో పోగులు దట్టముగా అల్లుకొనియుండును. పట్టీకి ఆ భాగమే తగినది. దానిని వెన్నెముక వెంట నిలువుగా కోయవలెను. అడ్డముగా కోసినచో ఒక కొన గట్టిగను, పొట్టవైపు కొన మెత్తగను ఉండి, లాగినపుడు వంకరపోవును.

విదేశములలో గుఱ్ఱపు తొంటిచర్మములోని దట్టమైన పొరతో చేసిన పట్టీలకు మిక్కిలి గిరాకి గలదు. అవి అద్దమువలె నునుపైనవి; ధరయు అధికము. మనకు అంత అవసరము లేదు. చక్కగా ఊనిన ఎద్దు తోలు చాలును. దున్నపోతు తోలు దళసరిగను, పైపొర ముతకగను ఉండును గనుక, దానిని సమముగా చెక్కి నునుపు చేసినగాని పట్టీకి ఉపయోగింపరాదు. మేక, గొఱ్ఱె తోళ్లు పలుచనివి. విడిగా పట్టీకి పనికిరావు.

తోలుకు వెంట్రుక యుండిన వైపు ఒకటి, మాంసమునంటిన వైపు ఒకటి గలవు. వెంట్రుక వైపు నునుపుగా, పోగులు బిగువుగా నుండును. కత్తిని సాధించుటకు ఆ వైపే ముఖ్యము. కొందరు ఆ పైపొరను సన్నని రాతితో కొద్దిగా రుద్ది, ముఖమల్ వంటి పట్టు తెచ్చెదరు. దీనివలన కత్తి లాగినపుడు కొంచెము పట్టినట్లుండును. నున్నని పట్టీ, పట్టుగల పట్టీ రెండును మంచివే. ఆరంభకులకు మధ్యరకపు పట్టు గలది అనుకూలము. కత్తి జారిపోక, చేతికి దాని నడక తెలియును.

కొలతలు

క్షౌరపు కత్తి వాదర పొడవు సాధారణముగా 3 అంగుళములకు కొంచెము తక్కువ. పట్టీ వెడల్పు 3 అంగుళములున్నచో కత్తి మొత్తము ఒక్క మారే తోలుపై ఆనును. 2 అంగుళముల పట్టీపై కత్తిని ఏటవాలుగా జరుపుచు లాగవలెను; అది చేయి తిరిగినవారికి సాధ్యమే కాని, నేర్చుకొనువారు అంచులకు గాటులు పెట్టుదురు. ఉపయోగపడు పొడవు 16 నుండి 18 అంగుళములకు తగ్గరాదు. మందము 2 నుండి 3 మిల్లీమీటరులు చాలును. ఇంతకంటె పలుచనిది సాగును.

పట్టీ రెండు కొనలయందును కుట్టు బలముగా నుండవలెను. ఒక కొనకు గోడ కొక్కెమునకు తగిలించు ఇనుప వలయము, రెండవ కొనకు చేతి పిడి యుండవలెను. మంచి పట్టీలతో జతగా దళసరి నారబట్ట పట్టీ యొకటి యుండును. కత్తిని మొదట బట్టపై, తరువాత తోలుపై సాధింతురు. బట్ట తడిని, మురికిని తీసి కత్తిని సిద్ధపరచును.

కొనునపుడు చేయవలసిన పరీక్షలు

అంగడివాని మాటపై ఆధారపడక, పట్టీని స్వయముగా పరీక్షింపవలెను. ఇందుకు యంత్రములు అక్కరలేదు; కన్ను, చేయి చాలును.

మొదట కోసిన అంచును చూడవలెను. నిజమైన తోలులో పైనుండి క్రిందివరకు పోగులు కనిపించును. చెక్కతో ఊనినదైనచో లోపల కూడ గోధుమ రంగు గాని, ఎఱుపు కలిసిన రంగు గాని యుండును. క్రోముతో ఊనినదైనచో పైరంగు ఏదైనను నడుమ నీలి బూడిద రంగు కనిపించుట కలదు. అంచున బట్ట పొర కనిపించినచో అది రెక్సిను. తోలు పొడిని జిగురుతో అతికి చేసిన పలకలు కూడ అంగళ్లలో గలవు. వాటి అంచున పోగులుండవు, గోటితో గీరినచో పొడి రాలును.

రెండవది, బొటనవ్రేలితో నొక్కి చూడవలెను. గుంటపడి మరల లేచునది పట్టీకి తగదు.

మూడవది, పట్టీని చదునైన బల్లపై పరచి, కంటి ఎత్తున దాని వెంట చూడవలెను. నడుమ ఉబ్బు, అంచుల ఎత్తు, అలలు ఉండరాదు. అరచేతిని మెల్లగా జరిపినచో గడ్డలు, పాత గాయముల మచ్చలు, పురుగు తొలిచిన గుంటలు తెలియును. పశువులకు వేసిన ముద్రల మచ్చలు పట్టీ నడుమ వచ్చినచో దానిని విడువవలెను.

నాలుగవది, వెంట్రుక వైపు పైకి వచ్చునట్లు వెడల్పుగా వంచి చూడవలెను. పైపొర చిట్లినచో తోలు ఎండిపోయినది. లోతుగా ముడుతలు పడినచో వదులైనది.

ఐదవది, ఒక కొన కొక్కెమునకు తగిలించి రెండవ కొనను బలముగా లాగవలెను. సాగకుండ, ప్రక్కకు తిరుగకుండ, తిన్నగా నిలువవలెను.

ఆరవది, తయారుచేయువానియొద్ద దొరకు కత్తిరింపు ముక్కను గోరంత తీసి, మరగు నీటిలో రెండు మూడు నిమిషములు వేయవలెను. చెక్కతో ఊనిన తోలు ముడుచుకొని చుట్టుకొనిపోవును. క్రోము తోలు దాదాపు మార్పు లేక నిలుచును. రెండు పద్ధతులను కలిపి ఊనిన తోళ్లు కూడ ఉండుటచే, ఈ ఒక్క పరీక్షనే నమ్ముకొనక పై వాటితో కలిపి నిర్ణయింపవలెను.

మెరుపును చూచి మోసపోరాదు. మెరుపు పలుమారు పైన పూసిన రంగునకు చెందినది. నాలుగు దినములలో పొరలు పొరలుగా లేచి కత్తికి అంటుకొనును. మంచి తోలు క్రొత్తగా నుండగా సాదాగా కనిపించి, చేయి తగిలినకొలది నిగారించును.

ఊరిలోనే చేయించుకొనుట

పట్టీని పట్టణమునుండియే తెప్పింపవలెనను నియమము లేదు. పగ్గములు, చెర్నాకోలలు, చెప్పులు కుట్టు చర్మకారుడు మంచి తోలు దొరికినచో పట్టీని చక్కగా చేయగలడు. వెన్ను భాగమునుండి 3 అంగుళముల వెడల్పు, 24 అంగుళముల పొడవు గల ముక్కను నిలువుగా కోయవలెను. దానిని గోరువెచ్చని నీటితో తడిపిన గుడ్డతో కొద్దిగా తేమచేసి, రెండు చదునైన పలకల నడుమ ఉంచి బరువు పెట్టి, నీడలో ఆరనీయవలెను. ఎండలో ఆరవేయరాదు. ఆరిన పిమ్మట వెంట్రుక వైపును గాజుసీసా ప్రక్కతో ఒత్తి రుద్దినచో పోగులు అణగి నునుపు వచ్చును. అంచుల పదునైన మూలలను గీచి గుండ్రముగా చేయవలెను. కొనలయందు మడిచి మైనము పట్టిన దారముతో కుట్టి, వలయమును, పిడిని బిగింపవలెను.

ఇట్లు చేసిన పట్టీ వలన క్షురకునికి పనిముట్టు, చర్మకారునికి పని, ఊరికి పొదుపు మూడును సమకూరును. తోలు శాస్త్రమున పరిశోధనలు చేయుటకై 1948లో మద్రాసులో స్థాపితమైన కేంద్ర తోలు పరిశోధనా సంస్థ దేశమున ఈ రంగమునకు ఆధారమైన సంస్థ. ఆసక్తిగల యువ చర్మకారులు అచ్చటి శిక్షణలను గురించి విచారింపవచ్చును.

వాడు విధము

మంచి పట్టీ కూడ చెడ్డ చేతిలో చెడును. పట్టీని బిగువుగా పట్టుకొనవలెను. వ్రేలాడు పట్టీ, మెత్తని పట్టీ చేయు హానినే చేయును. కత్తిని చదునుగా పరచి, దాని వెన్ను, వాదర రెండును తోలుకు ఆనునట్లు ఉంచవలెను. వెన్ను ముందు నడువగా వాదర వెనుక రావలెను. వాదర ముందు నడిచినచో తోలు తెగును. కొన చేరిన పిమ్మట కత్తిని తోలుపైనుండి ఎత్తక, వెన్నుపైననే దొర్లించి రెండవ ప్రక్కకు త్రిప్పి వెనుకకు లాగవలెను. వాదరపై దొర్లింపరాదు. కత్తి బరువే చాలును. చేతి బలము పెట్టరాదు. వేగము చూపరుల కొరకే గాని కత్తికి అవసరము లేదు. బట్టపై 10 నుండి 20 మార్లు, తోలుపై 30 నుండి 40 మార్లు పోవుట, వచ్చుట సాగినచో సాధారణముగా చాలును.

ఆకుపచ్చని క్రోమియం ఆక్సైడు, ఎఱ్ఱని ఇనుప ఆక్సైడు మొదలైన మెరుగు పొడులను కొందరు పట్టీకి పూయుదురు. అవి ఉక్కును కొద్దిగా అరగదీయును. వాటికి వేరొక పట్టీని గాని, బట్టను గాని కేటాయింపవలెను. ఒకసారి పొడి పట్టిన తోలును మరల శుభ్రమైన తోలుగా చేయలేము.

కాపాడు విధము

తోలుకు నీరు, ఎండ, అధికమైన నూనె మూడును శత్రువులు. తడి కత్తిని పట్టీపై పెట్టరాదు. వాడుటకు ముందు శుభ్రమైన పొడి అరచేతితో పట్టీని పలుమార్లు రుద్దినచో తోలు కొంచెము వేడెక్కి, దుమ్ము పోయి, పట్టు వచ్చును. బిరుసెక్కినట్లు తోచినపుడు, ఏడాదికొకసారి తోలుకు తగిన నూనెను రెండు మూడు చుక్కలు మాత్రమే అరచేత రాచి పూయవలెను. ఆముదము, కొబ్బరినూనె ఇష్టము వచ్చినట్లు పట్టించినచో తోలు మెత్తబడి, జిడ్డెక్కి, దుమ్ము పట్టును. దుమ్ములోని ఇసుక రేణువొక్కటియే వాదరను చెడగొట్టగలదు. పనిలేనపుడు పట్టీని నిలువుగా వ్రేలాడదీయవలెను, మడిచి పెట్టరాదు. ఎలుకలకు, బొద్దింకలకు అందకుండ చూడవలెను. చిన్న గాటు పడినచో సన్నని గరుకు కాగితముతో రుద్ది సరిచేయవచ్చును. లోతుగా తెగినచో ఆ పట్టీని మార్చుటయే మేలు.

ఆరోగ్య విషయము

ఇంతవరకు చెప్పినది పట్టీ గుణములను గురించి. దాని దోషమును కూడ దాచక చెప్పవలసియున్నది. మరగు నీటిలో ముడుచుకొనిపోవు తోలే పట్టీకి మేలైనదని పైన వ్రాసితిమి. కావున మంచి పట్టీని మరిగించి శుద్ధిచేయుట అసాధ్యము. తడిపినను చెడును. అనగా పట్టీకి ఒకసారి అంటిన నెత్తురు, చీము, చర్మపు పొట్టు నమ్మకముగా తొలగించు మార్గము లేదు.

హెపటైటిస్ బి అను కాలేయ వ్యాధిని కలిగించు వైరసు శరీరము వెలుపల కూడ కనీసము 7 దినములు బ్రదికి, వ్యాధిని కలిగింపగలదు. కంటికి కనిపించని నెత్తురు మచ్చ చాలును. గడ్డమునకు పట్టు తామర, చీము పొక్కులు కూడ కత్తుల ద్వారా వ్యాపించును. ఒకరి గడ్డము గీచిన కత్తిని కడిగి శుద్ధిచేసినను, తరువాత అందరికి వాడు పట్టీపై రాచినచో చేసిన శుద్ధి వ్యర్థమగును.

కావున మా అభిప్రాయము స్పష్టము. పదిమందికి క్షౌరము చేయు అంగడిలో పాత కత్తికిని, పట్టీకిని స్థానము లేదు. అచ్చట బ్లేడు అమర్చు కత్తిని వాడి, ప్రతి మనిషికి క్రొత్త బ్లేడు వేయవలెను. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు సమర్పించు భక్తులకు విడివిడిగా బ్లేడులు ఇచ్చు పద్ధతి పలువురు చూచినదే. అమెరికాలో కింగ్ జిల్లెట్‌కు మార్చు బ్లేడు క్షురికపై 1904లో పేటెంటు లభించినది. అది మొదలు పట్టీ అవసరము లోకమున క్రమముగా తగ్గినది. అందరికి వాడు అంగళ్లయందు అది తగ్గుట మేలే.

మరి పట్టీ ఎవరికి? తన కత్తితో తన గడ్డమును తానే గీచుకొనువారికి. ఒకే మనిషికి ఒకే కత్తి, ఒకే పట్టీ ఉన్నచో భయము లేదు. కొన్ని గ్రామములలో పెద్దలు తమ సొంత కత్తిని క్షురకునిచే సాధింపజేసికొని, దానితోనే క్షౌరము చేయించుకొనుట కలదు. అట్టివారు పట్టీని కూడ విడిగా ఉంచుకొనవలెను. బ్లేడు ఖర్చు లేకపోవుట, పారవేయు ఉక్కు చెత్త తగ్గుట ఇందలి లాభములు.

పంచాయతీ చేయదగినవి

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు ఉద్దేశించిన 29 అంశములు గలవు. కుటీర పరిశ్రమలు, ఆరోగ్య పారిశుద్ధ్యములు రెండును వాటిలోనివే. మన విషయము ఈ రెంటికిని సంబంధించినది.

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకమునందు చేర్చిన 18 వృత్తులలో క్షురక వృత్తి, చర్మకార వృత్తి రెండును గలవు. శిక్షణ, పనిముట్లకై 15,000 రూపాయల వరకు సహాయము, తక్కువ వడ్డీపై ఋణము ఆ పథకములోని అంశములు. దరఖాస్తుల తొలి పరిశీలన గ్రామ పంచాయతీ స్థాయిలోనే జరుగునట్లు నిబంధన గలదు. కావున సభ్యులు సంతకముతో సరిపుచ్చుకొనక, పనిముట్లను గురించి నాలుగు మంచి మాటలు చెప్పినచో ఆ సొమ్ము సద్వినియోగమగును. అంగడి నడుపు క్షురకుడు పట్టీకి బదులు బ్లేడు కత్తులు, శుద్ధి ద్రవము, శుభ్రమైన తువ్వాళ్లు కొనుట మేలు. చర్మకారుడు మంచి కోత కత్తులు, పలకలు కొనుట మేలు.

వాడిన బ్లేడులను చెత్తకుప్పపై పారవేయుట వలన పారిశుద్ధ్య కార్మికుల చేతులు, పశువుల నోళ్లు తెగుచున్నవి. మూతకు సన్నని చీలిక గల గట్టి డబ్బాను ప్రతి అంగడిలో ఉంచి, నిండిన పిమ్మట పంచాయతీ దానిని విడిగా సేకరించు ఏర్పాటు చేయవచ్చును. దీనికి ఖర్చు స్వల్పము.

పెద్దలకు ఒక మనవి. క్షౌరమునకు కూర్చున్నపుడు "క్రొత్త బ్లేడు వేయుము" అని అడుగుట క్షురకుని అవమానించుట కాదు. అడుగువారు లేనపుడే అలవాటు చెడును. అట్లే క్రొత్త బ్లేడు ఖర్చును కూలిలో చేర్చి ఇచ్చుట మన బాధ్యత. పాత కూలికే క్రొత్త శుభ్రత కావలెనన్నచో ఆ భారమంతయు పేద వృత్తిదారునిపై పడును. పంచాయతీ సమావేశమున ఇరుపక్షముల పెద్దలను కూర్చుండబెట్టి ఈ కూలిని నిర్ణయించినచో తగవు తీరును.

పైన చెప్పిన వృద్ధుడు తన పట్టీని ఎవ్వరికిని ఇచ్చుట లేదు. ఇప్పుడు దానిపై తన సొంత కత్తిని మాత్రమే సాధించును. అంగడిలో కొడుకు ప్రతి మనిషికి బ్లేడు మార్చుచున్నాడు. సంతలో కొన్న ఆ మెరుగు పట్టీని యువకుడు చర్మకారునికి చూపగా, అతడు దానిని సంచి పిడికి వాడుకొనెను. తోలు వ్యర్థము కాలేదు. తనకు తగిన పనిలో కుదిరినది. పనిముట్టును గుర్తెరిగి ఎంచుకొనుట అనగా ఇదియే. ప్రతి గ్రామమునను సభ్యులు ఈ గుర్తెరుకను పెంపొందింతురని మేము ఆశించుచున్నాము.